రాత్రికి పదహారు రూపాయలు

"అక్కా, ఆ పాయింట్లు నిజంగా గిట్టుబాటేనా?"
పీణ్య గోడౌన్‌లో పెయింటు డబ్బాలు లెక్కపెడుతూ
అడిగింది ఫర్జానా. ఉద్యోగంలో చేరి మూడో వారం.
నూట నలభై ఆరు దగ్గర
లెక్క తప్పింది నాకు.

మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టి
టీ వేళకు ముగించి
చిరిగిన అట్టముక్క మీద రాసి చూపించాను:

యశవంతపురం స్టేషన్ వెనక హోటల్.
ఫోన్‌లో రెండు వేల ఎనిమిది వందలు, అడ్డంగా గీత,
పక్కన పచ్చ రంగులో రెండు వేల వంద.
ఆ ఎనిమిది వందల అంకెను
ఏనాడూ ఎవరూ కట్టలేదు.
కొట్టివేయడానికే పుట్టిన అంకె అది.
నా ఒక్కదాని మీదే దయ, ఎందుకంటే నేను గోల్డ్.
రాత్రికి అరవై మూడు పాయింట్లు.
పాయింటుకు పావలా.
పావలా తక్కువ పదహారు రూపాయలు.
నిలబడి తాగే చోట ఒక కాఫీ,
అదీ మార్చి ముప్పై ఒకటి లోపల తాగితేనే.

కౌంటర్‌లో నంజప్ప
తాళంచెవి చేతిలో పెడుతూ గొంతు తగ్గించాడొకసారి,
సగం కన్నడం, సగం మన మాట:
"నూటికి ఇరవై రెండు వాళ్లకే పోతుంది మేడమ్.
ఈసారి నాకే ఫోన్ కొట్టండి.
పదిహేడు వందల యాభై.
లిఫ్టు మోత వినపడని గది ఇస్తాను."

ఒక పక్క మూడు వందల యాభై, ఒక పక్క పదహారు.
దీనికి తక్కెడ ఎందుకు?

"మరి నువ్వెందుకు ఇంకా అందులోనే?" అంది ఫర్జానా.

టీ చల్లారిపోయింది.

తొమ్మిదేళ్ల కింద, ఆదోని నుంచి వచ్చి దిగితే
మెజెస్టిక్ అంతా వాన.
మొదటి లాడ్జి: "ఎంతమంది?"
"ఒక్కదాన్నే."
"రూములు లేవు."
రెండో లాడ్జిలో మేకులకు తాళాలు వేలాడుతున్నాయి.
అలవాటు కదా, లెక్కపెట్టాను. పదకొండు.
"రూములు లేవు."
మూడో చోట మా ఆయన నంబరు అడిగారు.
నాలుగో చోట ఏమీ అడగలేదు,
నా సంచీని చూసి, నన్ను చూసి, నవ్వారు.
తెల్లారేదాకా బస్టాండు బెంచీ.
రసీదు లేని రాత్రి అది,
ఏ ఖాతాలోనూ ఎక్కించలేదు.

ఆ తర్వాత దొరికింది ఈ బొత్తాం.
ఎంతమంది అని ఇదీ అడుగుతుంది.
ఒకటి అని నొక్కితే కనుబొమ్మ లేపదు.
దానికి కనుబొమ్మ లేదు.
అంతే దాని గొప్పతనం.

ఇదంతా ఫర్జానాకు చెప్పలేదు.
"అలవాటైపోయింది లేవే" అన్నాను.

పది రాత్రులకు ఒకటి ఉచితం అని
కిందటేడు ఒక రాత్రి వచ్చింది. పన్ను మాత్రం నాదే.
ఇంట్లో ఆడిట్ అని అబద్ధం చెప్పి
పని లేని శనివారం వచ్చి గడియ పెట్టుకుని
పద్నాలుగు గంటలు నిద్రపోయాను.
దాని విలువ ఎంతని
నిబంధనల్లో ఎక్కడా రాసి లేదు.

మరుసటి సోమవారం
ఆ పిల్ల ముందు పరువు నిలుపుకోవాలని
నంజప్ప నంబరుకే చేశాను.
ఎత్తింది ఆయన కాదు, ఎవరో కొత్త గొంతు.
"ఎంతమంది మేడమ్?"
"ఒక్కదాన్నే."

అవతల ఏమీ లేదు.
ఒకటి, రెండు, మూడు.
పెట్టేశాను.
బొత్తాం నొక్కాను. రెండు వేల వంద ఖర్చు.
పావలా తక్కువ పదహారు జమ.
తేడా ఏ పద్దు కింద రాయాలో తెలియలేదు,
ఇరవై రెండేళ్ల సర్వీసులో మొదటిసారి.

"నీ ఇష్టం" అన్నాను ఫర్జానాతో.
"కొట్టేసిన అంకెను మాత్రం నమ్మకు."

రాత్రి గడియ పెట్టాక తోచింది:
ఆ కొత్తబ్బాయి
రిజిస్టరులో పేజీ తిప్పుతున్నాడేమో ఆ మూడు క్షణాలూ.
మోత వినపడని గది ఏదైనా ఉందా అని
వేలితో వరసలు వెతుకుతున్నాడేమో.

గోడ అవతల లిఫ్టు
తెల్లారేదాకా ఎక్కుతూ దిగుతూనే ఉంది.