పిల్ల బండి

పద్దెనిమిదేళ్లు సముద్రం పక్కనే బండి తోలినాడు మా మస్తానయ్య,
సముద్రాన్ని చూళ్ళేదంటాడు.

నిజమే అయ్యుంటుంది.
రాత్రి తొమ్మిదికి హేచరీలో లోడెక్కితే
తెల్లారేలోపు రొయ్యల గుంటల కాడ దించాల,
సంచుల్లో గాలి అయిపోకముందే.
మధ్యలో ఆగితే పిల్ల చచ్చిపోద్ది.
టీ గూడా కిటికీలోంచే అందుకునేవాడంట,
గ్లాసు తిరుగు ట్రిప్పులో ఇచ్చేవాడంట.

కావలిలో, ఇంటి కాడుండే రోజుల్లో గూడా
నడిరాత్రి ఫోను:
"మస్తానయ్యా, నిన్నటి పిల్ల ఎట్టుంది?"
"బాగుంది సార్, చురుగ్గా ఉంది."
పెళ్లైన కొత్తల్లో ఆ మాట విని
రెండ్రోజులు అన్నం తినలేదు నేను.

కంపెనీవాళ్లు బండిని తుక్కు కింద అమ్ముతామంటే
పొదుపు గ్రూపులో లోను తీసి నేనే కొన్నా.
కాయితంలో కూరగాయల యాపారమని రాయించినా.
లోపలుండే నీలం ట్యాంకులు పీకేసి
సరుగుడు చెక్కల మంచం, ఒంటి పొయ్యి,
కిటికీకి నా పాత వెంకటగిరి చీర ముక్క.
గూడూరు నిమ్మకాయలు రెండు డజన్లు అరిగిపోయినాయి రుద్ది రుద్ది,
ఉప్పు వాసన పోలా.
పోకపోతే పోనీలే, పోయేది గూడా అక్కడికే గదా అన్నా.

తుమ్మలపెంట దాటినాం.
ఇస్కపల్లి ఉప్పు కుప్పల కాడ "ఆపయ్యా" అన్నా.
"ఆపుతా, ఆపుతా" అంటానే
అరవైలో పోతా ఉండాడు.
కాలవ వంతెన రాకముందే "గట్టిగా పట్టుకో, గుంత ఉండాది" అన్నాడు,
ఉండింది.
ఈ రోడ్డంతా చీకట్లో నేర్చుకున్నాడు,
పగలు మాత్రం పోల్చుకోలేకుండా ఉండాడు.
"ఈ తాడిచెట్లు ఎప్పుడు పెట్టినారే పెంచలా?"
అనడిగినాడు,
వాళ్ల తాత కన్నా పెద్ద చెట్లని చూసి.

మైపాడులో ఆగినాం.
ఇంజను ఆపినాడు గానీ తాళం బయటికి తియ్యలా.
అలలు చూస్తా చూస్తా మూడు తూర్లు టైం చూసుకున్నాడు.
గంపెత్తుకోని వచ్చినామె బండి లోపలికి తొంగిచూసి
"ఏం అమ్ముతారు మీరు?" అనింది.
"ఏం అమ్మం అక్కా, దీంట్లో పండుకుంటాం."
గంప కదిలిపోయేట్టు నవ్వి
కానాగంతలు రెండు ఎక్కువేసి పోయింది.

పులుసులో మామిడికాయ ముక్కలేసి దించినా.
"ఈ రాత్రికి కొంచెమే పోస్తా, రేపటికైతే ఇంకా బాగుంటది"
అంటే నా మొహం వంక చూసినాడు.
రేపటికి ఉంచుకునే సరుకు
ఆ బండిలో ఏనాడూ మొయ్యలేదు గదా.

ఏ రెండింటికో మెలకువొచ్చింది.
పక్కన లేడు.
వెనక తలుపులు బార్లా తీసుండాయి,
ఇసకలో నిలబడి టార్చి పట్టుకోనుండాడు,
సంచులు పేర్చే చోట నేను పండుకోనుంటే.
వెలుగు నా కాళ్ల మీద,
చేతులు రెండూ వణకతా.

"ఏందయ్యా?"
"మోటారు సౌండు రాలా. గాలి మోటారు.
లోడంతా పోయిందనుకున్నా."

"బాగుండా సార్, చురుగ్గా ఉండా"
అన్నా నేను.
నవ్వుతాడనుకున్నా. నవ్వలా.
తలుపు కాడ కూచోని
టార్చి ఆర్పి, చానాసేపటికి,
"ఎప్పుడూ ఇంత సౌండు చేస్తదా ఇది?" అన్నాడు.
సముద్రం గురించి.

ఏం చెప్పేది. నేను మాత్రం ఎప్పుడు విన్నా.

తెల్లారి బండి కదల్లా.
రాత్రంతా తాళం ఆన్‌లోనే ఉండింది, బ్యాటరీ చచ్చింది.
తొయ్యడానికి నలుగురు మనుషులు కావాల.
అల్లంత దూరంలో వల లాగతా
పదిమంది దాకా ఉండారు.

పులుసు గిన్నె మూత తీసి చూసినా.
వాళ్లని పిలవలా.