పావు చుట్టు

కురెస్సారె ఊరి బయట పాత కార్ల యార్డులో
నలభై యూరోలిచ్చి కొన్నానీ టో బార్.
నిగనిగలాడే నల్లరంగు.
ఆ రంగు చూసే మోజుపడ్డాను.

హెల్వె ఆ రంగు చూసే మొహం చిట్లించింది.
ముప్పై ఏళ్లు ఫెర్రీ ఇంజను గదిలో
నూనెతో కాపురం చేసిన మనిషి.
"రంగేసినవాడు ఏదో కప్పిపెట్టాలనుకున్నాడు,
లేకపోతే వాడికి పనిలేదు.
ఏ సంగతీ తేలేదాకా ఇది నా గరాజు గుంతలోకి దిగదు."

వైరు బ్రష్ నా చేతిలో పెట్టింది.
మధ్యాహ్నమంతా గీకాను.
రంగు కింద తుప్పు, తుప్పు కింద బూడిద ఇనుము.
అతుకుల వెంట ఆమె గోరు ఆగి ఆగి నడిచింది,
బట్టలో ముడి వెతికే నేతగత్తెలా.
పగులు లేదు.
మళ్లీ వెతికింది. లేదు.
లేనందుకు కాస్త చిన్నబోయినట్టే ఉంది.

రేకుపలకని కిరోసిన్ గుడ్డతో తుడిచి
పైకి చదివింది: ఏ కారు కోసం పుట్టిందో,
ఎంత లాగగలదో, మెడ మీద ఎంత మోయగలదో.
"డెబ్బై ఐదు కిలోలు. తేనెపెట్టెలన్నీ
ముందుకి తోసి కట్టావో, నాకు చెప్పకు."

బంతికి కాలిపర్ పట్టింది.
యాభై మిల్లీమీటర్లతో పుట్టింది,
నలభై తొమ్మిదికి వస్తే పారెయ్యాలట.
నలభై తొమ్మిదిన్నర.
"ఎవడో బాగానే తిప్పాడు.
నీకూ కాస్త మిగిల్చాడులే."

బోల్టులు యార్డువాడు ఉత్తపుణ్యానికే ఇచ్చాడు,
సంచిలో మూటగట్టి.
మూట విప్పకుండానే చెత్తడబ్బాలో వేసింది.
"ఒకసారి సాగిన బోల్టు ఒట్టు తప్పిన మనిషి.
రెండోసారి కూడా ఒట్టేస్తుంది. అదీ చిక్కు."

గుంతలోకి దిగి చాసిస్‌ని సుత్తితో తట్టింది.
సముద్రపు ఉప్పు తిన్న కారు నాది.
ఖంగుమన్నచోట ముందుకి జరిగింది,
గొంతు మారినట్టనిపిస్తే అక్కడే నిలబడి
ఇంకో రెండు దెబ్బలు వేసింది.
బార్ ఆనే చోట ఫ్యాక్టరీవాళ్లు పూసిన మైనం
మొత్తం గీకమంది.
"మధ్యలో మెత్తనిదేదైనా ఉంటే రోజూ నలుగుతుంది,
నలిగేకొద్దీ బోల్టు వదులవుతుంది."
మైనం నాకు అన్నం పెడుతుంది.
దాన్ని అంత కసిగా గీకడం అదే మొదలు.

ఆరు కొత్త బోల్టులు. ముందు అన్నీ చేత్తోనే.
తర్వాత టార్క్ రెంచి: టిక్.
ఇంకాస్త బిగిద్దామా అన్నాను.
"టిక్ అన్నాక ఇంకాస్త లేదు.
అది బలం కాదు, ఆశపోతుతనం."

వైర్లు నేనే కలిపాను.
ఎడమకి తిప్పితే బ్రేకు లైటు వెలిగింది.
హెల్వె నవ్వడం ఆ రోజే చూశాను.

జులై రాత్రి, పన్నెండు పెట్టెల తేనెటీగలతో
బక్‌వీట్ పూసిన ముహు దీవి పొలాలకి బయల్దేరాను.
"యాభై కిలోమీటర్లకి ఆగు," అంది, అంతే.
ఆగాను. పూర్తిగా చీకటిపడని ఆకాశం,
జాలీల వెనక ఒకే గొంతుతో వేల రెక్కలు,
గడ్డిలో వెల్లకిలా నేను, నోట్లో టార్చి.
టిక్. టిక్. టిక్. టిక్. టిక్.
ఆరోది పలకలేదు. తిరిగింది.
మెల్లగా, సిగ్గుపడుతూ, తిరిగింది.
అప్పుడు, టిక్.

ఒంటిగంటన్నర. చెయ్యనా వద్దా అనుకుంటూనే
ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.
"ఎన్నోది?"
"ఆరోది."
"ఎంత?"
"పావు చుట్టు."
ఊఁ అంది. పెట్టేసింది.