చింతపండు పద్దు

మిషను మళ్ళీ వద్దంది.
కెచ్చెల కన్నాయమ్మ బొటనవేలు కొంగుకి రుద్ది
ఇంకోసారి పెట్టింది.
జేగురుపాడు బట్టీలో మూడేళ్ళు.
గీతలన్నీ పచ్చి ఇటుకలకి అంటుకుపోయాయి,
ఎవరి గోడల్లోనో కాలి, ఎర్రగా ఉన్నాయి.

ఆమె ఊరి మీద ఇప్పుడు నీళ్ళు.
ఆ నీళ్ళే మా దాళ్వాకి భరోసా అంటే
సభలో చప్పట్లు కొట్టాను, నేనూ.

తాతయ్య పద్దుల పుస్తకం అటక మీదే ఉంది.
నాటుపడవలో ఉప్పేసుకుని పాపికొండలు దాటేవాడట.
"కెచ్చెల పండురెడ్డి. ఉప్పు రెండు కుంచాలు.
చింతపండు పన్నెండు కావిళ్ళు బాకీ."
పక్కన వేలిముద్ర,
కోసిన మొద్దు మీది వలయాల్లా
ఒక్క గీతా చెదరలేదు.
అప్పుడెవరూ వద్దనలేదు.
మరుసటేడు కావిళ్ళు పద్దెనిమిది.
ఆపై పేజీలో చింతపండు లేదు,
చెట్లే ఉన్నాయి. ఎనిమిది.

మా గుమ్మం టేకుది.
ఎక్కడిదని ఇంట్లో ఎవరం అడగలేదు.

పండురెడ్డి నీకేమవుతాడు?
నోటిదాకా వచ్చింది.
"సర్వర్ పనిచెయ్యట్లేదు, రేపు రామ్మా" అన్నాను.

ఖాళీ సంచీ మడిచి నడుములో దోపుకుంది.
"మా కాడ ఇది కొనేవోళ్ళం కాదయ్యా" అంది,
నా కొట్టులో చింతపండు బుట్ట చూసి.
"పావుకిలో ఇయ్యి. డబ్బులు శనివారం ఇత్తాను."

తూచి పొట్లం కట్టాను.
చెయ్యి దానంతటదే
పుస్తకం తెరిచింది.