బెల్లం పెనం బొమ్మ

చిత్తూరు చర్చి వీధిలో మా ఎక్స్‌రే సెంటరు,
బయట బెంచీకి ఎదురుగా మేకుకు వేలాడుతోంది:
ప్లైవుడ్ మీద ఆయిల్ రంగులు,
మూరెడు పొడవు, జానెడున్నర వెడల్పు.
బోర్డులు రాసే చెంగల్రాయుడు
విరిగిన మణికట్టుకు మూడు ఫిలిములు తీయించుకుని
డబ్బులకు బదులు ఇచ్చిపోయాడు.

చెరకు తోట. తెల్లారుజాము. ఉడుకుతున్న బెల్లం పెనం.
ఇట్లా చెప్పగలను.
చెప్పడమే నా దగ్గరుంది.

కళ్ళు మూస్తే నాకేమీ రాదు.
నల్లగా కూడా కాదు, నలుపైతే అదొక రంగు కదా.
చిన్నప్పుడు కొండ మీద
జరగండి జరగండి అని తోస్తుంటే దక్కిన రెప్పపాటు తర్వాత
హుండీ దగ్గర మా అత్త అంది:
"కండ్లు మూసుకోమే, స్వామి ఇంకా ఆడనే ఉంటాడు."
మూసుకున్నాను.
పచ్చకర్పూరం వాసన ఉంది.
ముందున్నామె తడి జడ నా మోచేతికి తగులుతోంది.
స్వామి లేడు.
ఉన్నాడన్నాను.
అందరూ మాటవరసకే అంటారనుకున్నాను
ముప్పై ఏడేళ్ళు వచ్చేదాకా.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక
స్టూలు లాక్కుని బొమ్మ ముందు కూర్చుంటాను.
లైటు పెట్టెకు ఫిలిం తగిలించి చూసినట్టే,
పై ఎడమ మూల నుంచి కిందికి, నిదానంగా.
పొగ బూడిదరంగు అనుకునేదాన్ని.
కాదు, దాంట్లో వంకాయ తోలు రంగుంది,
మంటకు దగ్గరగా వచ్చేసరికి కాకరపువ్వు పసుపు.
పెనం అంచున నురగ,
నురగలో పన్నెండు బుడగలు, ఒకటి పగలబోతూ.
తెడ్డు పట్టినాయనకు ముఖం వేయలేదు.
మోచేతి ఎముక మాత్రం అచ్చు తప్పకుండా వేశాడు.
ఆ వంపు నేను రోజూ చూసేదే.

మెడ తిప్పి బిల్లు పుస్తకం అందుకునేలోపల
అంతా పోతుంది.
పన్నెండు, వంకాయ, మోచెయ్యి
మిగులుతాయి, సరుకుల చీటీ మాదిరి.

పోయిన బుధవారం, ఎన్నోసారి చూడ్డమో,
పిప్పి కుప్ప వెనకాల ఒక పిల్ల కనపడింది.
పిప్పి రంగులోనే గౌను.
చెరకు ముక్క కొసకు అంటిన వేడి పాకం
ఊదుకుంటా ఉంది.
రెండేళ్ళుగా నా ఎదురుగానే ఊదుకుంటా ఉంది.

చెయ్యి మళ్ళీ నొప్పెడతా ఉందని చెంగల్రాయుడు వస్తే అడిగాను,
ఎవరన్నా ఆ పిల్ల?
"యా పిల్ల?"
కళ్ళద్దాలు నుదిటికి తోసి
గోడకు ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు.
"పిప్పి వేస్తా ఉంటే బ్రష్షు జారిందేమో కస్తూరీ.
నువ్వు అనేదాకా నేనూ చూళ్ళేదే."
ఇంకా ఏదో అనబోయి, ఊరికే
ఆ చోటు మీద దుమ్ము తుడిచాడు, చొక్కా కొసతో.

లోపల ఛాతీ ఫిలిముకు ఎవరో నిలబడి ఉన్నారు.
లేచి పోయి తలుపు వేసుకున్నాను.
ఊపిరి పీల్చండి, బిగబట్టండి, కదలొద్దు.
తలుపు అవతల ఆ పిల్ల
ఊదుతూనే ఉంది.
చూడకుండానే చెప్తున్నా.