మేకుల్లేని దేశం

పోర్టు ఆఫీసు రెండో అంతస్తులో నా పని
సముద్రాన్ని దిద్దడం.
బోయా జరిగితే ఒక చుక్క చెరిపి పక్కన పెడతాను.
ఓడ మునిగిన చోట ఒక గుర్తు.
లైట్‌హౌసు రెప్పపాటు మారితే సెకన్లు మారుస్తాను.
ఇరవై రెండేళ్లుగా ఆ వంగపండు రంగు సిరా
నా బొటనవేలికి గోరింటాకులా పండిపోయింది.

మే నెల. వేట నిషేధం రోజులు.
బొగ్గు దింపడానికొచ్చిన ఓడ ఒకటి
పాత పటాల కట్ట మా బల్ల మీద పడేసి పోయింది.
అందులో పసిఫిక్.
ఎంత నీలమో! మధ్యలో ఆవాలు చిందినట్టు దీవులు.
ప్రతి ఆవగింజ పేరు పక్కనా బ్రాకెట్లో
ఎక్కడో భూగోళం అవతలున్న దేశం పేరు,
పెళ్లికి తెచ్చిన అద్దె గిన్నెల మీద
షాపువాడి పేరు చెక్కినట్టు.

కరెంటు పోయింది. భాస్కరం గారు భోజనానికెళ్లారు.
అర బ్లేడు తీసుకుని
ఒక్కో బ్రాకెట్టూ గీకేశాను.
నీళ్ల మీద గీసిన సరిహద్దుల్ని కూడా.
గీకిన చోట కాగితం నూగు లేచింది.
ఆ నూగులోంచి ఇంకో చరిత్ర లేచింది.

తెల్ల తెరచాపలు ఇంకా రాని కాలంలో
మాహినా అనే పడవల పెద్ద
కొట్టుకుంటున్న ముగ్గురు దొరల్నీ ఒకే పడవెక్కించింది.
ఒకడి చేతికి చుక్కాని,
ఒకడి చేతికి నీళ్ల సొరబుర్ర,
ఒకడికి చుక్కల లెక్క.
నలభై రోజులు దరి చూపించలేదు.
దిగేసరికి వాళ్లు దేశమయ్యారు.

ఆ దేశానికి రాజధాని లేదు, ఒక జంట పడవ ఉంది.
ఏడాదికో దీవి దగ్గర లంగరు.
గాలి మారితే సభ వాయిదా.
తెల్లవాళ్లొస్తే మంచినీళ్లిచ్చారు, చేపలు కాల్చి పెట్టారు.
జెండా పాతబోతే
“గుడ్డ బాగుంది, పసిదానికి ఉయ్యాల కడతాం” అని
చేతిలోంచి తీసేసుకున్నారు.
అక్కడి పగడపు దిబ్బ మీద
రెండో సూర్యుడు ఏ పొద్దునా పేలలేదు.
చేపలు చేపల్లాగే పుట్టాయి.

సాయంత్రం పటం చుట్టి పెదజాలారిపేట పట్టుకెళ్లాను.
అయ్య ఇసకలో తెప్ప విప్పి, దుంగలు ఆరబెట్టి,
కొత్త తాడు పేనుతున్నాడు.
చదువు రాదు. వేలితో నీలాన్ని నిమిరాడు.
“ఈడ గరుగ్గా ఉందేటే?”
“అక్కడ సరిహద్దులుండేవి అయ్యా.”
కథంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను.
“మరి దేన్తో అతికినారు అన్ని దీవుల్నీ?”
నా దగ్గర జవాబు లేదు. తనే అన్నాడు:
“మేకు కొడితే కొయ్య పగుల్తాది గుంటా.
కట్టు కడితే అల కొట్టినప్పుడల్లా కూసింత ఒదులౌద్ది.
మల్లీ బిగించాల. రోజూ బిగించాల.
అదే దాని బాద.”

అప్పట్నించీ ఆ దేశంలో తగువులు కూడా వినిపిస్తున్నాయి.
దక్షిణపు దీవి వాళ్లు అలిగారట,
మూడేళ్లయినా జంట పడవ తమ వైపు రాలేదని.
ఎవరో ముసలాయన మధ్యవర్తిగా వెళ్లి
తిరిగి రాలేదట. అక్కడే పెళ్లాడేశాడట.

పటం ఏమైందమ్మా అని భాస్కరం గారు మెమో ఇచ్చారు.
చెదలు పట్టిందని రాశాను.

జూన్ పధ్నాలుగు అర్ధరాత్రితో నిషేధం తీరింది.
తెల్లవారకముందే పేటంతా ఒడ్డున ఉంది.
సముద్రమ్మీద, నీళ్లకి జానెడు ఎత్తున,
పిల్లలకోడి పొడిచింది,
ఆరో ఏడో చుక్కలు, ఎప్పుడూ లెక్క తెగదు.
వాళ్ల దగ్గరైతే ఇదే కొత్త సంవత్సరం.
ఎవరో ఒకామె ఈ చుక్కల్నే చూస్తూ
చచ్చిపోయిన వాళ్ల పేర్లు పిలుస్తుంటుంది.
ఆ మాట అయ్యతో అనబోయాను.

అయ్య వినేలా లేడు.
దోసిలితో ఉప్పునీళ్లు తీసి కట్ల మీద చల్లుతున్నాడు.
చీకట్లో తాడు
కిర్రుమని బిగుసుకుంది.