చన్నీళ్ళు

రక్తానికి వేడినీళ్ళు పనికిరావు.
కొత్తగా పనిలో చేరిన పిల్లలకు
నేను మొదట చెప్పే మాట అదే.
వేడినీళ్ళు పోశావా, మరక లోపలికి దిగి కూచుంటుంది,
నీ తాత వచ్చినా లేవదు.
చన్నీళ్ళు, గుప్పెడు కల్లుప్పు, కొబ్బరిచీపురు.
పుళియాంతోపు కబేళాలో పందొమ్మిదేళ్ళుగా
తెల్లారగట్ల నా పని ఇది:
మద్రాసు నిద్ర లేచేసరికి
ఏమీ జరగనట్టు నేల కనిపించాలి.

అందుకే, తీతు అయ్యగారు ప్రసంగంలో
గొర్రెపిల్ల రక్తం మనల్ని కడిగిందన్నప్పుడల్లా
నాకు లోపల్లోపల నవ్వొచ్చేది.
రక్తాన్ని కడుగుతారు గాని
రక్తంతో ఎవరైనా కడుగుతారా అయ్యగారూ?
అడగలేదు. తెలుగు సంఘంలో చివరి బెంచీ నాది.
గోళ్ళ సందుల్లో వాసన పోదని
నిమ్మతొక్కతో రుద్దుకుని మరీ వస్తాను.

మా అత్త దీవెనమ్మకు చదువు రాదు, కథ వచ్చు.
ఆమె పస్కా చెబితే
ఐగుప్తు మా వీధి మలుపులోనే ఉన్నట్టుండేది.
"కొయ్యడం ఒక లెక్కటే?
ముందు నాలుగు రోజులు ఇంట్లో కట్టేసుకోవాలి.
పిల్లలు దానికి పేరు పెట్టేస్తారు,
రాత్రి తమ దుప్పటి కప్పుతారు.
నాలుగో రోజు సాయంత్రం అడుగుతారు,
నాన్నా, మన బుజ్జిదేదీ?
ఆ నోటికి జవాబు చెప్పలేని తండ్రి
హిస్సోపు కుంచె పట్టుకుని గుమ్మం వైపు తిరిగాడు."

ఇంకోటి కూడా అనేది:
"రక్తం బయట పూశారే పిల్లా.
లోపల కూచున్నవాళ్ళకు అది కనపడదు.
ఆరిందో, కారిందో, కుక్క నాకిందో తెలీదు.
చెప్పులు తొడుక్కుని, కర్ర చేతపట్టుకుని,
చేదుకూరతో మాంసం మింగుతూ
వింటూ ఉండాలి,
ఏడుపు ఎవరింట మొదలవుతుందో అని."

మా వీధిలో అది మా యింటే మొదలైంది.
నా పెద్దోడు ఓబేదు.
వ్యాసర్పాడిలో మూత తీసిన గుంటలోకి
ముందు దిగినవాడు పైకి రాలేదని
వాణ్ణి లాగడానికి దిగాడు.
ఇరవై రెండేళ్ళు.
మా గడపకు పసుపూ లేదు, కుంకుమా లేదు,
సిలువ స్టిక్కరు ఒకటి ఉంది,
సంఘంవాళ్ళిచ్చిన వాక్యాల క్యాలెండరు ఉంది.
దాటిపోలేదు.

మూడేళ్ళు బల్ల దగ్గరికి లేవలేదు నేను.
అయ్యగారు రెండుసార్లు వచ్చి, టీ తాగి,
ఏ వాక్యమూ ఎత్తకుండా వెళ్ళారు.
అందుకు ఆయనంటే గౌరవం.

మొన్న గుడ్‌ఫ్రైడే ముందురోజు
గొట్టం పట్టుకుని నేల తడుపుతుంటే,
నీళ్ళు ఎర్రగా, తర్వాత గులాబీగా,
తర్వాత ఉత్త నీళ్ళుగా కాలవలోకి పోతుంటే,
ఎందుకో తట్టింది.
ఆ రాత్రి అందరి గుమ్మాలూ చూసుకుంటూ నడిచినవాడు
తన గుమ్మానికి ఏమీ పూసుకోలేదు.
పెద్దకొడుకు వంతు వచ్చినప్పుడు
ఆయనింటిని ఎవరూ దాటిపోలేదు.
మిట్టమధ్యాహ్నం చీకటి కమ్మిందంటారే,
అది బిడ్డ పోయిన ఇంట్లో
తలుపేసుకున్న చీకటేమో.

జవాబు దొరికిందని నేనెవరికీ చెప్పను.
ఓబేదు చొక్కా ఇంకా మేకుకే వేలాడుతోంది.
చావింట్లో నోరెత్తకుండా
చాప చివర కూచునే చుట్టం ఒకాయన ఉన్నాడు,
ఆయన బట్టల మీద కూడా రక్తం ఉంది,
నాకు తెలిసింది అంతవరకే.

శుక్రవారం లేచి వెళ్ళాను.
సీసామూతంత ప్లాస్టిక్ గ్లాసు. చెయ్యి వణికి
ద్రాక్షరసం తెల్లచీర మీద ఒలికింది.
అయ్యగారి భార్య రాహేలమ్మ గాభరాపడి
"ఉండక్కా, వేడినీళ్ళు తెస్తా" అంది.

నేను ఆపలేదు.
తెమ్మన్నాను.