బొటనవేలు

ఇరవై రెండు కార్లొస్తాయన్నారు.
నేను చింపిన టికెట్ల లెక్కకి పంతొమ్మిదే తేలాయి.
ఒకటి ఆనందపురం దాటాక పొగలు కక్కిందట,
ఒకటి మానాపురం మలుపులో నీళ్లకి ఆగిందట,
మూడోదాని ఊసు ఎవరూ ఎత్తలేదు.

మా మ్యూజియం ఒకప్పటి గోగునార గోదాము.
వాన పడితే ఇప్పటికీ గోడలు
ఊరవేసిన గోగుకట్టల్లా కంపు కొడతాయి.
లోపల గుమ్మి, గూడ, తాటాకు గిడుగు,
ఏతం బాన, పళ్లూడిన దంతె.
కిటికీ పక్కన మా పెదనాన్న కావిడిబద్ద.
కింద చీటీ మీద "రైతు వాడిన వస్తువు" అని రాశారు.
ఆయన రైతు కాడు.
ఒకరి గింజల్ని ఇంకొకరి గాదెకి మోసినవాడు.

కళ్లంలో వరసగా నిలబెట్టారు కార్లని:
చిలకాకుపచ్చ ఆస్టిన్, మీగడ రంగు ఫియట్,
పెళ్లికొడుకులా దండేసుకున్న ల్యాండ్‌మాస్టర్.
టోపీల పెద్దమనుషులు
పసిపిల్లకి తల తుడిచినంత మెల్లగా
బానెట్లు తుడుస్తున్నారు.
పిల్లలు రబ్బరు హారన్ నొక్కి పారిపోతున్నారు.
"ఇన్ని కార్లు ఒక్కపాలి ఓట్లప్పుడే సూసినాం,"
అన్నాడు గొర్లె సింహాచలం తాత,
"అవీ ఇలాగే, మన్ని ఎక్కించుకోలేదు."

మధ్యాహ్నం పులిహోర పొట్లాలయ్యాక
నల్లకారు మొరాయించింది.
బ్యాటరీ చచ్చిందన్నారు.
దాని కుర్ర యజమాని డిక్కీలోంచి
వంకర ఇనపకడ్డీ తీసి, ముక్కులో దోపి,
పిడికిలంతా బిగించాడు.

నా చేతిలో టికెట్ పుస్తకం ఆగిపోయింది.

సాలూరు బస్సుకి క్లీనరు మా నాన్న.
చలికాలం తెల్లవారుజామున అదే కడ్డీ తిప్పుతుంటే
ఇంజను ఎదురు తన్నింది ఓసారి.
ఆ తర్వాత ఆయన కుడి బొటనవేలు
తలుపుకి అడ్డంగా వేసిన గడియలా
పక్కకి తిరిగి ఉండిపోయింది.
వేలిముద్రకి ఎడమది చాలు కనక
సర్కారుకి ఆ సంగతి తెలీదు.
నాకు తెలుసు.
రామభద్రపురం సంతలో తప్పిపోకుండా
నేను పట్టుకు నడిచింది ఆ వేలినే.
ముద్ద కలిపితే మెతుకులు జారేవి, ఆయనే నవ్వేవాడు:
"బండికి పేణం వచ్చినప్పుడు తన్నుతాదే,
తన్నీసరికి వదిలెయ్యడం తెలవాల."

గబగబా వెళ్లి ఆ కుర్రాడి మణికట్టు పట్టుకున్నాను.
"బొటనేలు ఇటు పెట్టు బాబూ, ఏళ్ల పక్కనే.
దాని సుట్టూ తిప్పకు.
కిందనుండి మీదకి లాగు. మీదనుండి తొయ్యకు."

టోపీలన్నీ నావైపు తిరిగాయి.
మొదటిసారి ఉలుకూ పలుకూ లేదు.
రెండోసారి గొంతులో కఫం కదిలిన చప్పుడు.
మూడోసారి ఎదురు తన్నింది,
కడ్డీ గిర్రున తిరిగి అతని చేతినొదిలి
నేలమీద పడింది.
తన వేలిని తనే చూసుకున్నాడు అతను,
ఎవరిదో చూస్తున్నట్టు.

నాలుగోసారి కారు లేచింది.
చప్పట్లు. నీలంపొగ. గూట్లో పావురాలు ఎగిరిపోయాయి.

"మీకెలా తెలుసమ్మా?"
చెప్దామనే నోరు తెరిచాను.
వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు,
వరస కదిలింది.
"ఇక్కడే పన్జేస్తాను కదా," అన్నాను.
అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం నూనె మరకల మీద ఊక చల్లి ఊడ్చాను.
పులిహోర ఆకులు ఆవులకి వేశాను.
తాళం వెయ్యబోయి మళ్లీ లోపలికెళ్లి
టికెట్ల పెన్నుతో ఆ చీటీ మీద
"రైతు" కొట్టేసి
"కావిడి పోలయ్య" అని రాశాను.
ఇంకు సరిగ్గా పడలేదు, రెండుసార్లు దిద్దాల్సొచ్చింది.

నాన్నది పెట్టడానికి లోపల ఏమీ లేదు.

రేపు సోమవారం, సెలవు.
మంగళవారం ఆఫీసరు చూస్తే చూస్తాడు.